అడగ్గానే తెరిచే తలుపు

నరసరావుపేటలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. హైదరాబాద్ రమ్మంటే రాదు. కోటప్పకొండ ప్రభలు కనపడని ఊళ్లో శివరాత్రేమిటంటుంది. చేసేదిలేక రెండేళ్ల కిందట గేటు దగ్గరొకటి, వరండాలో ఒకటి కెమెరాలు పెట్టించాను. బిగించిన కుర్రాడు నా ఫోన్‌లో యాప్ వేసి, "అంతా ఆటోమేటిక్ సార్, మీరేం చెయ్యక్కర్లేదు" అన్నాడు. నిజంగానే ఏమీ చెయ్యలేదు. ఆఫీసులో కూర్చుని, అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే చూసుకునేవాణ్ని.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, నెట్ నెమ్మదిగా ఉందని రౌటర్ సెట్టింగులు తెరిచాను. అందులో నేను రాయని వరస ఒకటుంది. బయటి నుంచి ఫలానా నంబరు మీద ఎవరొచ్చినా కెమెరా రికార్డర్ దగ్గరికి పంపమని!

రాసిందెవరో కాదు, ఆ రికార్డరే. మామూలుగా రౌటర్ వీధి గుమ్మంలో కాపలా మనిషి లాంటిది. లోపలివాళ్లు అడిగినవాటికి వచ్చే జవాబుల్ని రానిస్తుంది, పిలవనివాళ్లను ఆపేస్తుంది. ఎవరినైనా రానివ్వాలంటే 'పోర్ట్ ఫార్వర్డింగ్' అని మనమే చేత్తో రాయాలి. అది అందరికీ చేతకాదని యూపీఎన్‌పీ అనే ఏర్పాటు తెచ్చారు. ఇంట్లోని ఏ పరికరమైనా తలుపు తియ్యమంటే చాలు, రౌటర్ తీసేస్తుంది. నువ్వెవరని అడగదు, పాస్‌వర్డూ అడగదు. ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలకిది వరమే. కానీ కంప్యూటర్లో దూరిన వైరస్ అడిగినా అదే మర్యాద!

పైగా మా రికార్డర్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టిందే. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డులతోనే వేలకొద్దీ కెమెరాలను, రికార్డర్లను లొంగదీసుకుంది. ఆ అక్టోబరు 21న వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలు చాలామందికి అందలేదు. అప్పట్లో పేపర్లో చదివి, మనకెందుకులే అనుకున్నాను.

రికార్డర్ చిట్టా చూస్తే ఒళ్లు చల్లబడింది. ఓసారి తెల్లవారుజామున మూడింటికి, ఓసారి పట్టపగలు... నేను కాని ఎవరో లాగినయ్యారు. తలంటుకుని జుట్టారబెట్టుకునే అమ్మను ఎవరెవరు చూశారో! ఇంటికి తాళం ఏ వేళప్పుడు పడుతుందో ఎవరికి తెలుసో!

యూపీఎన్‌పీ ఆపేశాను, పాస్‌వర్డ్ మార్చాను. దాంతో ఊరు దాటితే నా ఫోన్‌లోనూ బొమ్మ రాదు. కంపెనీ సర్వర్ మీదుగా చూడొచ్చట. అంటే మా వరండా మళ్లీ ఇంకొకరి చేతిలో! ఇంకా తేల్చుకోలేదు.

అమ్మకు చెప్పడమే కష్టమైంది. విని కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు చూస్తావనే గదరా, పొద్దస్తమానం ఆడ కూర్చుంది" అంది.

సాయంత్రానికి వరండా కెమెరా మీద పాత తువ్వాలు కప్పేసింది. గేటు దగ్గరిది మాత్రం ఉండనిమ్మంది.