నిలబడటానికి జపాన్ దాకా!

‘‘నిలబడటం నేర్చుకోవడానికి జపాన్ దాకా వెళ్లాలా తల్లీ?’’

విమానం ఎక్కే ముందురోజు రాత్రి అత్తగారు అడిగిన ప్రశ్న అది. సూట్‌కేసులో ఆవకాయ సీసా ఏ మూల సర్దాలా అని చూస్తున్న కోడలి దగ్గర జవాబు లేదు. నలభై నాలుగేళ్ల వయసు, ఇరవై ఏళ్ల నాటకాల అనుభవం, జీతం లేని సెలవు, చీటీ పాడి తెచ్చిన డబ్బు... ఇన్ని మూటలు నెత్తిన పెట్టుకుని ఆమె బయల్దేరింది మాత్రం నిజంగానే నిలబడటం నేర్చుకోవడానికి.

ఆమె పుట్టింది తెనాలిలో. పద్యనాటకాలు చూస్తూ పెరిగింది. మైకు ముందు నిల్చున్న నటుడు అడుగు కదపకుండా రాగం అందుకుంటే పందిరంతా ఊగిపోయేది. వన్స్‌మోర్ అంటూ ఈలలు! నటనంటే గొంతేనని ఆమెకి అప్పుడే స్థిరపడిపోయింది. ఆ గొంతు ఆమెకీ వచ్చింది. పరిషత్తు పోటీల్లో బహుమతులూ వచ్చాయి. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సళ్లు.

నలభై దాటాక మాత్రం వేషాలన్నీ ఒక్కటే... తల్లి. కొడుకు వెళ్లిపోతే ఏడ్చే తల్లి, కూతురు చనిపోతే ఏడ్చే తల్లి. ‘మీరు కదలక్కర్లేదు మేడమ్. ఆ కుర్చీలో కూర్చుని ఏడవండి చాలు. హాలంతా ఏడుస్తుంది’ అన్నాడు ఓ దర్శకుడు. మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ మెచ్చుకోలే ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. నాటకం మారుతోంది, రచయిత మారుతున్నాడు, ఏడుపు మారడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, గొంతు జీర పోవడం, ఓ వెక్కు. అంతే. కొడుకు పోయినా అదే వెక్కు, కూతురు పోయినా అదే వెక్కు!

నాటకాలు మానేద్దామా అనుకుంటున్న రోజుల్లోనే ఆమె చెవినపడింది టోగా పేరు.

కొండల్లో ఓ రంగస్థలం

జపాన్‌లో టొయామా ప్రాంతంలోని కొండల మధ్య ఉంటుంది టోగా. చలికాలంలో మనిషెత్తు మంచు. ఆ మంచు జారిపోయేలా నిటారుగా దిగిన గడ్డి కప్పుల ఇళ్లు. ఆ కట్టడాన్ని ‘గష్షో’ పద్ధతి అంటారు. అంటే, నమస్కారానికి జోడించిన చేతులు. ఇల్లే దణ్నం పెడుతున్నట్టు ఉంటుంది. ఉపాధి వెతుక్కుంటూ జనం పట్నాలకు వెళ్లిపోతుంటే ఖాళీ అయిపోతున్న ఊరది.

అందరూ పట్నానికి వెళ్తున్న కాలంలో పట్నం నుంచి అక్కడికి వెళ్లారు తదాషి సుజుకి. ఆయన పుట్టింది 1939లో. 1966లో టోక్యోలో మిత్రులతో కలిసి ‘వాసెడా లిటిల్ థియేటర్’ పెట్టారు. పేరొచ్చింది. అయినా 1976లో బృందాన్ని వెంటబెట్టుకుని టోగా చేరారు. ఓ పాత రైతు ఇంటిని నాటకశాలగా మార్చారు. 1982లో అక్కడే అంతర్జాతీయ నాటకోత్సవం మొదలైంది. చెరువు ఒడ్డున, గ్రీకుల పద్ధతిలో మెట్లు మెట్లుగా కట్టిన ఆరుబయలు రంగస్థలాన్ని ప్రసిద్ధ వాస్తుశిల్పి అరాటా ఇసొజాకి రూపొందించారు. ప్రపంచం నలుమూలల నుంచీ నటులు ఆ కొండెక్కుతుంటారు.

అక్కడ వాళ్లు పట్టుకునేది ఎక్కువగా పాత నాటకాలనే. రెండున్నరవేల ఏళ్లనాటి గ్రీకు విషాదాలు, షేక్‌స్పియర్. అయితే మొదటి పాఠం పుస్తకంలో ఉండదు... పాదంలో ఉంటుంది.

ఎందుకంటే, సుజుకి దృష్టిలో నాగరికత మనిషి ఒంట్లోని శక్తికి బదులు యంత్రాల శక్తిని తెచ్చిపెట్టింది. నడవాల్సిన కాలికి బండి, మెట్లెక్కాల్సిన మోకాలికి లిఫ్టు, పలకాల్సిన గొంతుకి మైకు. మాట ఒక్కటే మిగిలి, దాని వెనకున్న ఒళ్లు నిద్రపోయింది. పాత నాటకంలోని రాజులూ దేవతలూ దుఃఖాలూ ఆ నిద్రపోయే ఒంట్లో ఇమడవు. దాన్ని లేపాలంటే నేలను తాకే చోటి నుంచే మొదలుపెట్టాలి. జపాన్ సంప్రదాయ ‘నో’ నాటకంలో రంగస్థలం కింద పెద్దపెద్ద మట్టిజాడీలు పెట్టేవారు, నటుడి పాదం మోత మార్మోగడానికి. ఆ విద్య నుంచే తన అభ్యాసాలకు పునాది తీసుకున్నారాయన.

ఇది మనకీ కొత్తకాదు. నాట్యశాస్త్రం నాలుగు అభినయాలు చెబుతూ ఆంగికంతోనే మొదలుపెడుతుంది. వాచికం ఆ తర్వాతే. గ్రీకుల దగ్గరా అంతే. వాళ్ల నాటకంలో బృందం పాడుతూ ఆడేది. ‘ఆర్కెస్ట్రా’ అన్న మాటకి మొదటి అర్థం ఆ బృందం ఆడే చోటు!

మూడు నిమిషాల యుద్ధం

మొదటిరోజు ఆమెకి ధీమాగానే ఉంది. చిన్నప్పుడు నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకుంది. అరమండి వేసిన కాళ్లు కదా అనుకుంది. వేళ్లు చీలిన తెల్లటి మేజోళ్లు తొడుక్కుని వరసలో నిలబడింది.

నియమం వినడానికి సులువే. మోకాళ్లు కొంచెం వంచాలి. నడుము ఎత్తు మారకూడదు. పాదం మొత్తం ఒక్కసారే నేలను కొట్టాలి. సంగీతానికి తగ్గట్టు అలా కొడుతూ గదంతా తిరగాలి. సుమారు మూడు నిమిషాలు. అంతసేపూ భుజాలు కదలకూడదు, ముఖం ఒణకకూడదు. సంగీతం ఆగగానే నేలమీద కూలిపోవాలి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ‘షకుహాచి’ అనే వెదురువేణువు సన్నగా మొదలవుతుంది. ఆ నాదం మీద మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా పైకి లేవాలి. లేచి ప్రేక్షకుల వైపు నడవాలి.

ఒకటో నిమిషం గడిచింది. రెండో నిమిషంలో భుజాలు ఎగరడం మొదలైంది. మూడో నిమిషంలో ఆమె నోరు తెరుచుకుని రొప్పుతోంది. కూలిపోవడం ఒక్కటే బాగా చేసింది, అదీ నటించాల్సిన పని లేకపోవడంతో! లేవడం మాత్రం చేతకాలేదు. చెయ్యి నేలకు ఆనించి, ‘అమ్మా’ అనుకుంటూ లేచింది. శిక్షకుడు చేతిలోని కర్రతో నేలమీద ఒక్కటి కొట్టాడు. అంటే, మళ్లీ!

ఆ రాత్రి మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పక్కనున్న వాళ్లలో ఎక్కువమంది పాతికేళ్లవాళ్లు. పడుకుంటే నిద్ర రాదు. చీటీ డబ్బు గుర్తొచ్చింది. అత్తగారి ప్రశ్న గుర్తొచ్చింది. ‘ఈ వయసులో ఎందుకొచ్చానిక్కడికి?’ అని తనే తనని అడిగింది.

నేలమీది రాణి

మర్నాటి నుంచీ అభ్యాసానికి మాటలు తోడయ్యాయి. ఎవరి భాషలో వాళ్లు పలకొచ్చు. సుజుకి నాటకాల్లో ఒకే రంగం మీద రెండు మూడు భాషలు వినిపించడం మామూలే. ఆమె తీసుకున్నది యురిపిడిస్ రాసిన ‘ట్రోజన్ విమెన్’. క్రీస్తుపూర్వం 415లో ఏథెన్స్‌లో ప్రదర్శించారు దాన్ని. అంతకు కొన్ని నెలల ముందే ఏథెన్స్ సైన్యం మెలోస్ ద్వీపాన్ని గెలిచి, అక్కడి మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. గెలిచినవాళ్ల ఎదుట ఓడినవాళ్ల ఏడుపును నిలబెట్టిన నాటకం అది. మన భారతంలో స్త్రీపర్వం ఉంది కదా... కురుక్షేత్రంలో శవాల మధ్య గాంధారి శోకం. అలాంటిదే ట్రాయ్ రాణి హెక్యుబా కథ. భర్త పోయాడు. కొడుకులు పోయారు. చివరికి మనవణ్ని కూడా శత్రువులు కోటగోడ మీంచి తోసేశారు. ఆ పసివాణ్ని తండ్రి డాలు మీద పడుకోబెట్టి సాగనంపుతుందామె.

1974లో సుజుకి ఈ నాటకాన్ని టోక్యోలో వేసినప్పుడు, యుద్ధంలో సర్వం కోల్పోయిన ఓ జపాన్ ముసలమ్మ హెక్యుబాగా మారింది. ట్రాయ్ బూడిదకీ జపాన్ బూడిదకీ తేడా ఏముంది?

ఆమెకీ ఇది తెలిసిన వేషమే. ఏడ్చే తల్లి! కొంగు లేదు కాబట్టి చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు జీరపోనిచ్చి, వెక్కింది. శిక్షకుడికి తెలుగు రాదు. అయినా తల అడ్డంగా ఊపాడు. ‘గొంతు ఏడుస్తోంది, కాళ్లు ఊరికే నిలబడ్డాయి’ అన్నాడు. భాష తెలియని మనిషి, ఇరవై ఏళ్లుగా ఎవరూ చెప్పని మాట చెప్పాడు.

ఆ రాత్రి ఆమె నాటకం మళ్లీ చదివింది. ఎన్నోసార్లు చదివిందే. కానీ ఓ సంగతి అప్పుడే కంటపడింది. నాటకం మొదలయ్యేసరికే హెక్యుబా నేలమీద పడి ఉంటుంది. దేవతలు వచ్చి మాట్లాడుకుని వెళ్తారు, ఆమె అక్కడే ఉంటుంది. తర్వాత మెల్లగా తలెత్తుతుంది. చివర్లో మోకాళ్ల మీద కూలి రెండు చేతులతో నేలను కొట్టి చనిపోయినవాళ్లను పిలుస్తుంది. ఆ తర్వాత వణికే కాళ్లమీద లేచి బానిసత్వంలోకి నడిచిపోతుంది. పడటం, లేవడం, నడవడం. రోజూ పొద్దున ఆ చెక్కనేల మీద చేయిస్తున్నది అదే కదా! అది వ్యాయామం కాదు... ఆ నాటకమే.

శిక్షణ ముగిసే రోజుల్లో ఓసారి, వేణువు మొదలయ్యాక, చెయ్యి ఆనించకుండానే ఆమె లేచింది. తొడలు వణుకుతున్నాయి. ఆ వణుకుని దాచడానికే ఒళ్లంతా సరిపోతోంది, ఏడవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు పలికింది మనవడి శవం ముందు మాటలు. గొంతులో జీర లేదు, వెక్కు లేదు. ఒక్కో మాటా అరికాలి నుంచి తోడినట్టు వచ్చింది. శిక్షకుడు మెచ్చుకోలేదు. కర్ర కొట్టలేదు. అంతే.

‘‘వచ్చిందా నిలబడటం?’’ ఇంటికి రాగానే అత్తగారు అడిగారు.

‘‘సగం వచ్చిందత్తయ్యా’’ అంటూ హాల్లోనే చేసి చూపించింది కోడలు. మోకాళ్లు వంచి, నడుము కదలకుండా, పాదం మొత్తం నేలకు ఆనించి. ఆవిడ కాసేపు చూసి నవ్వారు. ‘‘బురదలో నాట్లేసినన్నాళ్లూ మేం నిలబడిందిట్టాగేనే. మాకెవరు నేర్పారూ!’’

ఆమెకి నవ్వాగలేదు. పాదాలు నేలను అంటిపెట్టుకునే ఆ నడకకీ వరిపొలానికీ సంబంధం ఉందన్న మాట టోగాలోనూ విన్నదే మరి.

తర్వాత వేసిన నాటకంలోనూ తల్లి వేషమే వచ్చింది. రిహార్సల్‌కి వెళ్లగానే కుర్చీ తీసేయమంది. దర్శకుడు కంగారుపడ్డాడు, ‘ఎలా మేడమ్, జనం ఏడవకపోతే?’ అని. ప్రదర్శన రోజు కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు తుడుచుకోలేదు. వన్స్‌మోర్‌లు లేవు. బహుమతీ రాలేదు.

మూడో వరసలో కూర్చున్న అత్తగారు ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆటో దిగుతూ అన్నారు, ‘‘ఈసారి ఏడవలేదేమే?’’

‘‘ఏడ్చానత్తయ్యా.’’

‘‘నాకు కనబళ్లేదు మరి’’ అంటూ ఆవిడ మోకాళ్లు నొక్కుకున్నారు. ‘‘నువ్వక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఎందుకో నాకే కాళ్లు లాగేశాయి.’’