ఉజి పట్టణమున పది నాణెములు

జపాను దేశపు ప్రాచీన రాజధాని యగు క్యోటోనుండి దక్షిణముగా నారాకు పోవు రైలుమార్గమున ఉజి యను పట్టణము కలదు. తేయాకునకు ప్రసిద్ధిగాంచిన యూరు. నదీతీరమున 1053వ సంవత్సరమున నిర్మింపబడిన బ్యోదోఇన్ ఆలయ మంటపము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. జపానువారి పది యెన్‌ల నాణెముపై ముద్రింపబడినది ఈ మంటపమే. ఉజికి తరువాతి స్టేషను ఓగురా. వీడియో ఆటలను పెంచి పెద్దచేసిన నిన్‌టెండో కంపెనీవారు 2024 అక్టోబరు 2వ తేదీన అచ్చట తమ ప్రదర్శనశాలను తెరచిరి. ఆ యాటలపై విసుగు పుట్టినవానిని వెంటబెట్టుకొని నేను దానిని చూచితిని.

వాడు మా యక్కగారి కుమారుడు. ఒసాకాలో ఉద్యోగము. చిన్ననాటినుండి వీడియో ఆటలన్న ప్రాణము. ఇటీవల మాత్రము రాత్రి భోజనము కాగానే యంత్రము ముందు కూర్చుండును, ఒక ఆట తెరచి పది నిమిషములలో మూయును, మరియొకటి తెరచును. కొని, ఒక్కమారైనను ఆడనివి ఎన్నియో పడియున్నవి. “పిన్నీ, ఆడినను తోచదు, మానినను తోచదు” అని వాడే నాతో ననెను. తల్లికి చెప్పిన “ఆ పాడు యంత్రమును పారవేయుము” అనునని సంకోచము.

వైద్యులు వ్యసనమనునది వేరు. ఇతర వ్యవహారములన్నియు చెడుచున్నను ఆట మానలేకపోవుటను ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వ్యాధుల పట్టికలో చేర్చిరి. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనున్నది. మావానిది అది కాదు. జ్వరము తగ్గినవానికి అన్నము రుచింపనట్లు, ఇష్టమైనదానియందే రుచి చచ్చినది.

ఆ ప్రదర్శనశాల 1969లో కట్టిన పాత కర్మాగారము. ఒకప్పుడిచ్చట పేకముక్కలు తయారు చేసెడివారు. కంపెనీ 1889లో ఆరంభమైనదియు పేకలతోనే. పన్నెండు మాసములకు పన్నెండు మొక్కలు, మాసమునకు నాలుగు ముక్కల చొప్పున 48 ముక్కలుగల పువ్వుల పేక యది. 1965లో యోకోయి గుంపేయి అను యువకుడు పేకల యంత్రములు బాగుచేయు పనికి కుదిరి, తీరిక వేళలో చాచిన సాగి వస్తువును పట్టుకొను చేతిబొమ్మ నొకటి చేసికొనెను. యజమాని దానిని చూచి, మరుసటి యేడు బజారునకు పంపించెను. రైలులో తోచక లెక్కలయంత్రపు మీటలు నొక్కుకొనుచున్న ఉద్యోగి నొకనిని చూచి, 1980లో వెలువడిన జేబు ఆటయంత్రమును అతడే ఊహించెనని చెప్పుదురు. తోచకపోవుటనుండి ఆట పుట్టినది. నేడు ఆటనుండి తోచకపోవుట పుట్టుచున్నది!

ఈ శాలకు టిక్కెట్టు సులభముగా దొరకదు. మూడు మాసములు ముందుగా దరఖాస్తు చేసి, చీటీలలో పేరు వచ్చువరకు వేచియుండవలెను. లోపల ఆడుకొనుటకు మనిషికి పది నాణెముల లెక్క టిక్కెట్టులోనే వ్రాయబడియుండును. ఒక్కొక్క ఆటకు కొన్ని నాణెములు పోవును. అవి తీరిన పిమ్మట డబ్బిచ్చినను మరి దొరకవు.

ఇంటిలో నూరు ఆటలున్నను ఒకటి కోరుకొనలేనివాడు, ఇచ్చట పది నాణెములను వ్రేళ్లమీద లెక్కించుకొనుచు చాలసేపు నిలిచెను. ఇద్దరు కలిసి మోయవలసినంత పెద్ద మీటలపలకతో ఆడు ఆట యొకటి కలదు. దానికి నన్ను తోడు పిలిచెను. నేను ఎడమకు నడుపగా వాడు ఎగురవేయవలెను. మేమిద్దరము ఎన్నిమారులు గోతిలో పడితిమో లెక్కలేదు. వాడు కన్నీరు వచ్చువరకు నవ్వెను. తరువాత నేలమీద పరచిన పద్యముల పేక ఆడితిమి. నూర్గురు కవులు, ఒక్కొక్కరిది ఒక పద్యము. అందు 21 మంది స్త్రీలు. కడపటి నాణెము చెల్లిన పిమ్మట “అయ్యో, అప్పుడే అయిపోయినదా!” అనెను. ఆ మాట వానినోట విని చాలకాలమైనదని వాడే గుర్తించి ఆశ్చర్యపడెను.

మన వామనగుంటలకు గుంటలన్నియు గెలుచుటతో ముగింపు. అచ్చనగండ్లకు దీపాలవేళతో ముగింపు. నేటి ఆటలలో అనేకములకు ముగింపే లేదు. ప్రతిదినము వచ్చి హాజరు వేసికొనిన బహుమానము. ఒకనాడు తప్పిన వెనుకబాటు. ఇట్లు ఆట కొలువైనది. కొలువుచేసి వచ్చినవానికి మరియొక కొలువు చూపిన విసుగుపుట్టక యేమగును?

మధ్యాహ్నము ఒక స్టేషను వెనుకకు వచ్చి ఉజి చేరితిమి. వంతెనచెంత మురసాకి షికిబు అను రచయిత్రి విగ్రహము కలదు. వేయేండ్ల క్రిందట ఆమె రచించిన గెంజి కథలో కడపటి పది అధ్యాయములు ఈ యూరిలోనే నడచును. పద్యముల పేకలోని స్త్రీలలో ఈమెయు నొకతె. పొడిచేసి త్రాగు మేలి తేయాకుతోటలకు ఇచ్చట వసంతకాలమున తెరలు కప్పి, కోతకు ముందు ఇరువది దినములకు తక్కువగాకుండ నీడలో నుంచుదురు. ఎల్లప్పుడు ఎండలో నున్న ఆకునకు ఆ తీపి రాదట. నదియొడ్డున కూర్చుండి, ఆ తేనీరు త్రాగుచు, సాయంకాలమువరకు వాడు చేతిఫోను తీయలేదు. నేను తీయవద్దని చెప్పనును లేదు.

తరువాత వాడు వ్రాసినది: హాజరు కోరు ఆటలన్నియు తీసివేసినాడట, ఒక్కటి మాత్రము ఉంచుకొని ఆదివారమున స్నేహితునితో ఆడుచున్నాడట. కొన్ని వారములు అదియు తెరువడట.

సోదరీమణులారా, మీ యింటి పిల్లవాడు ఆటముందు కూర్చుండియు ముఖము వ్రేలవేసికొనియున్నచో తొందరపడి తిట్టకుడు. ఆ విసుగు వానికి శత్రువు కాదు, చాలునని మనస్సు చెప్పుకొనుట. అట్టివేళ యంత్రమును లాగికొనుటకంటె, ప్రక్కన కూర్చుండి “నాకును నేర్పుము, ఒక్క ఆట ఆడుదము” అనుట మేలు. ఒక్క ఆట ముగిసినంతనే ఇద్దరును లేచి వాకిటిలోనికి రావచ్చును.