మా అగ్గిపెట్టె బొమ్మలు



వేలూరులో మా మనవడు పోకెమాన్ కార్డులు పరిచి, "తాతా, నీకిష్టమైన కార్డు ఏది?" అన్నాడు. నిప్పు కక్కే చారిజార్డ్‌ను చూస్తే మాకు గుడియాత్తం అగ్గిపెట్టెలు గుర్తొచ్చాయి.

1970లలో పెట్టె మీది బొమ్మలు చించి, వట్టంలో పెట్టి, రాయితో కొట్టి గెలుచుకునేవాళ్లం. విమ్కో ఓడ బొమ్మ ఒకటి కావాలంటే మా ఊరి బొమ్మలు పది ఇవ్వాలి.

ఆ ఊరి బొమ్మలు అంటించింది మా అక్క, బడి మానేసి, కూలికి. ఆ కూలితోనే మేము తమిళ బడిలో చదివాం, రైల్వేలో గుమాస్తా అయ్యాం.

మనవడికి చెప్పాం: "అక్క అంటించిన బొమ్మే ఇష్టం రా. ఒక్కటీ దాచుకోలేదు."

ఆదివారం వాడు చారిజార్డ్‌ను అక్క చేతిలో పెట్టాడు. అక్క తిప్పి చూసి, "ఇవి చేసే పిల్లలకు కూలి ఎంత?" అంది.