బాగే ఆంలో ఒక పటం

హైదరాబాదు చూడబోయే వాళ్ళకి చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం – ఈ మూడూ మొక్కుబడి లాంటివి. మా అమ్మ వాటి పేరైనా ఎత్తలేదు. నాంపల్లిలో వున్న పబ్లిక్ గార్డెన్స్ ఒక్కటీ చూపిస్తే చాలునంది. ఎనభై దాటిన మనిషి అవనిగడ్డ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, తీరా తోటలో చెట్లు చూస్తానంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు? మేము దిగిన ఇంట్లో మా పెద్దమ్మ కోడలు నవ్వనే నవ్వింది. "మీ ఊళ్ళో చెట్లకేం కరువొచ్చింది, చిన్నత్తయ్యగారూ?" అంది.

అమ్మ జవాబు చెప్పలేదు. సంచీలోంచి తువ్వాలులో చుట్టిన పటం తీసి ఆమె చేతికిచ్చింది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

అది 1962 జనవరిలో తీయించిన పటం. మా నాన్న బడిపంతులు. కొత్త పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని నుమాయిష్ చూడటానికి హైదరాబాదు వచ్చారు. పనిలో పనిగా ఈ తోటలో, మూడుకాళ్ళ కెమేరా పెట్టుకుని నల్లగుడ్డలో తల దూర్చే ఆసామీ చేత ఫొటో తీయించుకున్నారు. నాన్న ఎడమవైపు, అమ్మ కుడివైపు. వెనకాల చెట్ల సందున రెండు తెల్లటి గుమ్మటాలు. రెండు ప్రతులు వేయించి, ఒకటి నగరంలోనే వున్న పెద్దమ్మకి ఇచ్చి, రెండోది తెచ్చి కోడూరు దగ్గర మా ఇంట్లో గోడకి తగిలించారు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవారు 10,000 పైచిలుకు. మా అమ్మా, నేనూ, చెల్లెలూ ఒక తుమ్మచెట్టును కరచుకుని తెల్లవార్లూ గడిపాం. బడి పక్కన ముసలివాళ్ళని తీసుకొస్తానని వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. ఇల్లూ లేదు, గోడా లేదు, పటమూ లేదు. నెల తిరిగాక పెద్దమ్మ తన దగ్గర వున్న ప్రతి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. నాన్న ముఖం మాకు మిగిలింది ఆ ఒక్కచోటే.

ఈ తోటను 1846లో నిజాముల కాలంలో వేశారు. బాగే ఆం అంటే అందరి తోట అని అర్థం. నుమాయిష్ మొదలైంది కూడా ఇక్కడే, 1938లో. 1946లో అక్కడికి దగ్గర్లోనే ఇప్పుడున్న మైదానానికి మారింది. 1937లో ఏడవ నిజాం రజతోత్సవ దర్బారు జరిగిన జూబిలీ హాలు ఈ ఆవరణలోనే వుంది. పురావస్తు ప్రదర్శనశాలా వుంది. అందులో ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీని అమ్మకి చూపించాను. అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. "ఇన్ని వేల ఏళ్ళు దాచుకున్నారా!" అని మాత్రం అంది. నేను గబగబా బయటికి తీసుకొచ్చేశాను.

ఇక చోటు వెతకాలి. అరవై యేళ్ళకి పైబడి తోట అలాగే వుంటుందా? పటంలో వున్న చెట్టు కనబడలేదు. గుమ్మటాలు ఒకచోట నిలబడితే ఒకటే కనిపిస్తుంది; ఇంకోచోట కొమ్మలు అడ్డం. పటం చేతబట్టుకుని ముందుకీ వెనక్కీ నడుస్తున్న నన్ను చూసి కాపలావాడికి అనుమానం వచ్చింది. పటం చూపిస్తే అతనూ మాతోపాటు వెతకటం మొదలెట్టాడు.

అలిసిపోయి బల్లమీద కూర్చున్నాం. అప్పుడు అమ్మకి ఆ గుమ్మటాల కథ చెప్పాను. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 40వ పుట్టినరోజుకి గుర్తుగా ప్రజలు చందాలు వేసుకుని 1905లో టౌన్ హాలుకి పునాది వేయించారు. పని పూర్తయ్యేసరికి 1913 వచ్చింది. ఆయన 1911లోనే పోయాడు. తరవాతి కాలంలో శాసనసభ కొలువుదీరింది ఆ మేడలోనే. పని సాగుతుండగానే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. సుమారు 15,000 మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు వుంది. ఆ వరద తరవాతే, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

అమ్మ అంతా విని, "చెట్టు ఎక్కి బతికారా? అయితే వీళ్ళకీ తెలుసన్నమాట," అంది. అంతదాకా కొత్తగా చూస్తున్న ఊరిని ఎరిగిన ఊరిలా చూడటం మొదలుపెట్టింది.

తరవాత తనే లేచి, కర్ర ఊతంగా ఇరవై అడుగులు నడిచి ఆగింది. "ఇదేరా చోటు. ఎండ ఎడమ చెంపమీద పడింది. మీ నాన్న నాకు నీడగా ఇటు నిలబడ్డారు." తల ఎత్తి చూశాను. కొమ్మల సందున రెండు గుమ్మటాలూ కనబడ్డాయి. మేము పటం చూసి గుమ్మటాలు వెతుకుతుంటే, ఆవిడ ఎండని బట్టి చోటు పోల్చుకుంది.

అటుగా పోతున్న కాలేజీ కుర్రాణ్ణి పిలిచి నా ఫోన్ ఇచ్చాను. వాడు సరిగ్గా చూసుకుని, "అమ్మమ్మా, జెర నడుమకు రాండ్రి. ఒక పక్క ఖాళీ వస్తున్నది," అన్నాడు. 

"అప్పుడూ ఇక్కడే నిలబడ్డాను నాయనా. అలాగే తియ్యి," అంది అమ్మ.

నేను వెళ్ళి ఆ ఖాళీలో నిలబడదామనుకున్నాను గాని కాలు కదల్లేదు. కుర్రవాడు నా ముఖం చూశాడు, నా చేతిలో వున్న పటం చూశాడు. మరి మాట్లాడకుండా తీసి, ఫోన్ నాకిచ్చి, అమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఫోన్లో బొమ్మని అమ్మ నమ్మలేదు. ఆ సాయంత్రమే కాగితం మీద మూడు ప్రతులు వేయించమంది, పాతదానికీ మూడు. ఒక జత పెద్దమ్మ కోడలికిచ్చింది. ఒక జత గుడివాడలో చెల్లెలికి. మూడోది మాకు. ఇన్నెందుకమ్మా అంటే, తిరుగు ప్రయాణంలో బస్సు కరకట్ట మీద అవనిగడ్డ వైపు పోతుండగా చెప్పింది:

"సముద్రం పక్కన కాపురం వుండేవాళ్ళు, పటం తీయించుకుంటే ఒకటి మెరకనున్న చుట్టాలింట్లో పెట్టాలిరా. ఆనాడు మీ నాన్న రెండో ప్రతికి డబ్బు దండగని నేనే పోట్లాడాను."