తృణాస్త్రం – ఉపసంహారం

శ్రీరాముని గురి గొప్పదా, అర్జునుని గురి గొప్పదా అన్న వాదం భక్తగోష్ఠులలో నేటికీ వినిపిస్తుంది. ఒకరు సప్తసాలభేదనాన్ని ప్రస్తావిస్తే మరొకరు మత్స్యయంత్రాన్ని చూపుతారు. ఈ వాదానికి నెల్లూరు కంటె తగిన స్థలం లేదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానాన్ని అలంకరించిన తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణాన్నీ, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాల భారతాన్నీ తెనిగించాడు. ఒకే ఘంటం రెండు జగత్తులలో సంచరించింది.

ఆ రెండు జగత్తులలో అస్త్రగతి ఒక్కటి కాదు. భారతయుద్ధంలో లాఘవానికి విలువ ఉంది. కర్ణుడు సంధించిన నాగాస్త్రం సూటిగానే వచ్చింది. శ్రీకృష్ణుడు రథాన్ని భూమిలోకి అణచగా అర్జునుని కిరీటం మాత్రమే పోయింది. నారాయణాస్త్రం ఒక మినహాయింపు, ఆయుధం విడిచినవారిని మాత్రమే అది విడుస్తుంది. సుందరకాండలో సీతామాత హనుమంతునికి చెప్పిన కాకాసుర వృత్తాంతంలో లాఘవం పనికిరాలేదు. ఆ వాయసం ముల్లోకాలు తిరిగినా రాముడు ప్రయోగించిన దర్భ వెంటాడింది. చివరకు శరణాగతి ప్రాణం నిలిపింది. బ్రహ్మాస్త్రం వ్యర్థం కారాదు గనుక ఒక కన్ను పోయింది.

సౌప్తికపర్వంలోనూ గడ్డిపరకే అస్త్రమైంది. అశ్వత్థామ దానిపై బ్రహ్మశిరోస్త్రాన్ని ఆవాహన చేయగా, అర్జునుడు ప్రత్యస్త్రం విడిచాడు. వ్యాసనారదులు నడుమ నిలిచారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. వ్రతనిష్ఠ లేనివాడు ఆ పని చేయబూనితే అది వాని శిరస్సునే ఖండిస్తుందట. అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. పాండవవంశపు గర్భాలపైకి మళ్ళించాడు. ఉత్తర గర్భంలోని శిశువుపై ఆ గురి తప్పలేదు. గురి తప్పకపోవడమే అక్కడ ఘోరం.

నిన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుండి 1971 మొదలుకొని రాకెట్లు ఎగురుతున్నాయి. ప్రయోగించేవారు దారి తప్పిన వాహనాన్ని ఆకాశంలోనే ధ్వంసం చేయడానికీ సిద్ధంగా ఉంటారు. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 అదుపు తప్పగా, జనావాసాలకు ముప్పు కలుగకుండా బంగాళాఖాతం మీదనే దానిని విచ్ఛిన్నం చేశారు. అది ఉపసంహారం అనిపించుకోదు గాని, విడిచినవాని బాధ్యత విడుపుతో తీరదన్న ఎరుక అందులో ఉంది.

సప్తసాలాలను కీర్తించేవారు వృక్షాల సంఖ్యతోనే ఆగిపోతారు. కిష్కింధాకాండలో ఆ బాణం ఏడు వృక్షాలనూ, పర్వతాన్నీ, భూమినీ భేదించి మరల రాముని తూణీరంలో ప్రవేశించింది. సుగ్రీవుడు నేలపై సాగిలపడి అంజలి ఘటించింది ఆ తరువాతనే.