మెట్లపై గమకం

ఉర్లా పారిశ్రామికవాడలో ఇనుప కొలిమిల రొద రాత్రికి గాని సద్దుమణగదు. ఉద్యోగరీత్యా రాయ్‌పూర్ చేరిన నాకు ఆ వేళ తోడు ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్.

1969లో పాలకొల్లులో జన్మించిన ఆయనకు గురువు రుద్రరాజు సుబ్బరాజు. గురువుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే శిష్యుడు తంత్రులపై పలికించేవాడు. వేలికంటె ముందు చెవి పండటమే ఆ వాదనకు ప్రాణమని నా నమ్మకం. జంటలుగా ఎనిమిది తంత్రులుండే పాశ్చాత్య మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటి తంత్రుల విద్యుత్ వాద్యాన్ని ఆయన చేపట్టారు. తీగను లాగి గమకం పలికించడానికి, నాదాన్ని నిలపడానికి అది అనువైనది.

చరిత్ర చదివినవారికి 'పాశ్చాత్య ప్రభావం' అనే మాట సులభంగా నోటికి వస్తుంది. కాని యార్క్‌షైర్‌లో పుట్టిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, 1970లలో 'శక్తి' బృందం కోసం, మెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించిన గిటారు పట్టారు. ఆయన తపనా గమకమే! ఇందులో ఎవరి ప్రభావం ఎవరిపై?

2014లో శ్రీనివాస్ నలభై అయిదేళ్లకే కన్నుమూశారు. 2000లో ముంబయిలో 'రిమెంబర్ శక్తి' చేసిన కచేరీ ధ్వనిముద్రణలో ఇద్దరూ ఉన్నారు. ఒకరు విడిచిన స్వరాన్ని మరొకరు అందుకొనే చోట, గిటారేదో మాండొలినేదో పోల్చుకోవడానికి నేను కొన్ని క్షణాలు ఆగవలసి వస్తుంది.