కోప్పడనంటే చెప్త, వదినా!

వచ్చినవా వదినా! నువ్వు నాలుగు రోజులు అమ్మగారింటికి పోతే ఈ గోడ కాడ నిలబడబుద్ధి కాలే. చాయ్ తర్వాత తాగుదువు గాని, ముందు మీ మామయ్య మా వాకిట్ల చేసిన పని విను. మధ్యల లేవొద్దు. తిట్టేదుంటే ఆఖరుకు తిట్టు.

మా తమ్ముడు బోరు మోటర్ల పనికి పాత ఫోర్ వీల్ పికప్ కొన్నడు కదా. మొన్న వానల బీబీనగర్ అవతల మోటరు దింపనీకె పోయిండు. నాట్లేసే మళ్ల పక్కన బురదల బండి దిగబడితే ఫోర్ వీల్ చిన్న లివరు ఏసి బయటికి గుంజుకున్నడు. గంతవరకు మంచిగనే ఉన్నది. వరంగల్ రోడ్డెక్కినంక లివరు తీయాలె కదా? తీయలే! ఏందిరా అంటే, "నారపల్లి నుంచి ఉప్పల్ దాక గుంతలు కదక్కా, నాలుగు చక్రాలు గుంజితే మంచిగ పోతదనుకున్న" అంటడు. ఆ పైవంతెన పని 2018ల మొదలుపెట్టిన కాన్నుంచి దాని కింద రోడ్డు తిప్పలు మనకెరుకే గాని, గుంతకూ బురదకూ తేడా తెల్వదా?

ఉప్పల్ రింగ్ రోడ్డు మలుపుల టైర్లు కీచుమని ఒర్రినయట. మన గల్లీల తిప్పుతుంటె నేనే చూసిన, ఎవరో ఎనకనుంచి తాడేసి గుంజినట్టు కుదుపుకుంట ఆగింది. లివరు రమ్మంటే రాదు. ఒక షెడ్డాయన వచ్చి కింద వంగి కూడ చూడలే, "పెట్టె దింపాలె, నలభై వేలు" అన్నడు. తమ్ముని మొఖం సున్నం కొట్టినట్టయింది.

మీ మామయ్య ఊకుంటరా? ఆర్టీసీ ఉప్పల్ వర్క్‌షాపుల చేసిన చేతులాయె. లుంగీ ఎగ్గట్టి బండి కిందికి దూరిండ్రు. గేర్ బాక్స్ ఎనక ఇంకో చిన్న పెట్టె ఉంటదట, ట్రాన్స్‌ఫర్ కేస్. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు, ఎనక చక్రాలకు పంచేది అదే. "బతుకమ్మ ఆడేటప్పుడు బయటి వరుసల ఉన్నోళ్లు ఎక్కువ నడుస్తరు, లోపలోళ్లు తక్కువ నడుస్తరు కదమ్మా? మలుపుల ముందు చక్రాలది బయటి వరుస. ఫోర్ల పెడితే రెండు వరుసల కాళ్లకు ఒకటే తాడు కట్టినట్టు. బురదల చక్రం జారి ఆ లెక్క సరిపోతది. తారు రోడ్డు జారనియ్యదు" అన్నరు.

మాకింకా సమజ్ కాలేదని, గోడ మీద వానకు తడిసిన చీర ఉంటే దాని ఒక కొస నాకిచ్చిండ్రు, ఇంకో కొస తమ్మునికి. పిండమన్నరు. మెలిక మీద మెలిక పడ్డది. "ఇప్పుడు గుంజు చూద్దాం" అంటే రాదు, బిగిసిపోయింది. "లివరు గిట్లనే బిగిసింది. గుంజితే రాదు, మెలిక ఇప్పాలె." ఏ చీరంటవా? చెప్త, తొందరెందుకు.

బండి తిన్నగ నాలుగు గజాలు ఎనకకు తీయమన్నరు. కింద టక్కుమని చప్పుడైంది. లివరు ఎన్నపూసల వేలు పెట్టినట్టు వచ్చేసింది! నలభై వేల రోగం రివర్స్ గేరుల పోయింది.

గంతటితోని ఇడవలే. టైరుకు సుద్దముక్కతోని గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు దొర్లించి, నా మిషను టేపుతోని నేల కొలిచిండ్రు. ముందు టైర్లు కొత్తవి, ఎనకవి అరిగినవి. చుట్టుకు ఇంచున్నర తేడా! తిన్నగ పోయినా మెలిక పడుకుంటనే ఉంటదట. నాలుగూ ఒకటే సైజు, ఒకటే అరుగుడు, గాలి కూడ కంపెనీ చెప్పినంత ఉండాలె.

తెల్లారి పొద్దుగాల ఉప్పల్ భగాయత్ దిక్కు వదులు మట్టిల ఫోర్ ఏసి నడిపిండ్రు. బరువు పడ్డప్పుడు టకటక దునికితే లోపల చైను సాగినట్టో, పండ్లు అరిగినట్టో. లివరు దానంతటదే ఊడొస్తే లోపటి ఫోర్కో, బయటి రాడ్డో చూడాలె. రెండూ లేవు.

ఇగ ఆయిలు. ముందు పైన పోసే నట్టు ఇప్పి చూసినంకనే కింది నట్టు ముట్టాలెనట. పైది రాకపోతే ఖాళీ పెట్టెకు ఆయిలు యాడికెళ్లి పోస్తవ్? ఆయిలు అర లీటరు తక్కువున్నది, సీలు కారుతున్నది. పాత స్పీకరు అయస్కాంతం ఆయిలుల తిప్పి చూపిచ్చిండ్రు. "కాటుకంత ఉంటే భయం లేదు, అరుగుడు మామూలే. ఇనుప పెళ్లలు వస్తేనే పెట్టె దింపు." కాటుకే వచ్చింది. సీలు, ఆయిలుతోని పని ఒడిసింది.

మీ తమ్ముడు ఇసుజు వీ-క్రాస్ కొంటనన్నడు కదా, శ్రీసిటీల 2016 నుంచి చేస్తున్న బండి? దానికి లివరుండది, తిప్పే మీట. ఫోర్ వీల్ లైటు మినుకుమినుకుమనుకుంట ఆగకపోతే ముందు ఫ్యూజు, వైరు సాకెట్టు, మీట తిప్పినప్పుడు కింద చిన్న మోటరు కదిలే చప్పుడు చూస్కోమను. ఎవరన్న సీదా పెట్టె దింపమంటే మీ మామయ్యను పిలవమను.

ఇగ ఆ చీర. నువ్వు పోయేటప్పుడు ఆరేసి మర్చిపోయిన గద్వాల చీరనే వదినా. మీ మామయ్య చేతులకున్న ఆయిలు అంచుకు అంటింది. సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికిన. ఇగో చూడు, కాటుకంత ఉన్నది. కాటుకంత ఉంటే భయం లేదన్నరు కదా!